నీలం వారంలో ఎరుపు

కిందటి వారం రంగుల మేస్త్రినీ ఆయన భార్యనూ యూరాలజిస్టు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వాళ్లింకా అక్కడే ఉన్నారు. మేస్త్రి గోడవైపు చూస్తున్నాడు, ఆవిడ మేస్త్రివైపు చూస్తోంది.

ఆయన్ని ఆ బెంచీ దాకా లాక్కురావడానికి ఆవిడకు తాతలు దిగివచ్చారు. జరిగింది ఇంతే. ఒక ఉదయం మేస్త్రి మరుగుదొడ్డిలో నీళ్లు సరిగా పోయకుండా వచ్చేశాడు. వెనకే వెళ్లిన ఆవిడకు తెల్లటి పింగాణీ మీద ఎర్రటి చార కనబడింది. అడిగితే, "రంగు పని చేసేవాడికి రంగు రాక పాలొస్తాయా?" అని నవ్వేశాడు. నూలుకు రంగులు వేసే ఆ షెడ్డులో అది పాత మాట. కొత్తగా చేరినవాడు తన గోళ్లకూ చెమటకూ రంగు తేలడం చూసి బెదిరిపోతే, మేస్త్రి భుజం తట్టి చెప్పే ధైర్యం అదే. ఆవిడా కాపురానికి వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉంది. ఆ రోజూ తల ఊపి ఊరుకునేదే. కానీ ఆ షెడ్డులో వారానికి ఒకే రంగు నడుస్తుంది. రంగు మార్చాలంటే తొట్టెలన్నీ తోమి, కడిగి, ఆరబెట్టి గాని మార్చరు. ఆ వారం నీలం. మొగుడి గోళ్లు నీలం, మెడ మీద తువ్వాలు నీలం, ఆఖరికి చెవి వెనక మడతలు కూడా నీలం. మరి ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆవిడ ఆయన్ని తిననివ్వలేదు, పడుకోనివ్వలేదు. వీధి చివర డాక్టరు పరీక్ష చేయించి, మూత్రంలో ఉన్నది రంగు కాదు, రక్తమే అని తేల్చి ఇక్కడికి పంపించాడు. ఇవాళ తమ్ముడికి చెప్పి షెడ్డు వ్యాను తెప్పించింది. తమ్ముడంటే మేస్త్రి కిందే పనిచేసే బావమరిది. షెడ్డంతా అతన్ని దానిమ్మ అని పిలుస్తుంది. నవ్వితే బుగ్గలు కందిపోతాయి కనక ఆ పేరు పడిందని అక్కకు మురిపెం, తనూ అలాగే పిలుస్తుంది. తీరా ఆసుపత్రికి వచ్చాక ఆ మహానుభావుడు పైకి రానన్నాడు. వ్యాను ఒంటరిగా వదిలితే ఎవడో గీకిపోతాడట. బావ కంటే బండి ఎక్కువైందా అని అక్క మనసులో చిన్నబుచ్చుకుంది.

బెంచీ మీద మేస్త్రి అవస్థ చూడాలి. స్కానుకు మూత్రసంచి నిండుగా ఉండాలని చెప్పి సీసాల కొద్దీ నీళ్లు తాగించారు. తొట్టి దగ్గర్నుంచి కదిలితే రంగు చెడుతుందని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లతో గడిపే మనిషి ఆయన. ఇప్పుడు కాళ్లు మెలేసుకుని, తాగమనేదీ వాళ్లే, పోవద్దనేదీ వాళ్లే, ఇదెక్కడి వైద్యమే అని గొణుగుతున్నాడు. ఆవిడకు నవ్వొచ్చింది. అలాంటి చోట నవ్వొచ్చినందుకు సిగ్గూ వేసింది. స్కాను గదిలో పొట్ట మీద చల్లటి జిగురు రాసి, ఒక పరికరాన్ని అటూ ఇటూ జరిపారు. ఆ పనిచేసే అతను మొదట్లో కబుర్లు చెబుతూ ఉన్నవాడు ఒకచోట మాట ఆపి, పరికరాన్ని అక్కడే తిప్పి తిప్పి చూశాడు. మేస్త్రి అది గమనించలేదు. ఆయన ధ్యాసంతా మరుగుదొడ్డి ఎటువైపు ఉందో దాని మీదే ఉంది. తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడ గమనించింది.

ఆ బొమ్మలు పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్లారు. డాక్టరు ఆడమనిషి అని మేస్త్రికి ఎవరూ చెప్పలేదు. తెలిసిన ఒక్కతీ తెలిసే చెప్పలేదు. గుమ్మంలోనే ఆయన కాలు వెనక్కి పడింది. వెనక భార్య నిలబడి ఉండటంతో మళ్లీ ముందుకే పడింది. డాక్టరుకు జుట్టు సగం తెల్లబడింది, మొహంలో తొందర లేదు. అలాంటి కాళ్లు గుమ్మంలో వెనక్కి పడటం ఆవిడ రోజూ చూసేదే కాబోలు, కూర్చోండి మేస్త్రిగారూ అని కుర్చీ చూపించి మొదట పని గురించే అడిగింది. ఏ రంగులు, చేతులకు తొడుగులు వేసుకుంటారా, పొడులు కలిపేటప్పుడు మొహానికి ఏమైనా కట్టుకుంటారా అని. పని మాట ఎత్తేసరికి మేస్త్రి కుదుటపడ్డాడు. తొడుగులుంటే నూలు చేతికి తెలియదండీ అని కాస్త గర్వంగానే చెప్పాడు. డాక్టరు ఆ గర్వాన్ని ఏమీ అనకుండా రాసుకుంది.

తరవాత రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తారు, ధార సన్నబడిందా, మంట ఉందా, పోసి వచ్చాక ఇంకా మిగిలినట్టు అనిపిస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆయన బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లాడిలా నేలచూపులు చూస్తూ జవాబులు చెప్పాడు. సిగరెట్టు కాలుస్తారా అంటే, ఎప్పుడో ఒకటి అన్నాడు. పక్కన భార్య దగ్గింది. ఆ దగ్గులో రోజుకో పెట్టె ఉంది. డాక్టరు అదీ రాసుకుంది. ఆ తరవాత తెర వెనక ఒక పరీక్ష జరిగింది. తొడుగు వేసుకున్న వేలితో వెనకవైపు నుంచి ప్రొస్టేటు గ్రంథిని తడిమి చూసే పరీక్ష. ఒక్క నిమిషం పట్టింది. దాని గురించి మేస్త్రి ఈ జన్మలో ఎవరితోనూ మాట్లాడడు, మనమూ మాట్లాడొద్దు.

ఆయన మళ్లీ వచ్చి కూర్చున్నాక డాక్టరు అడిగింది.

"ఎరుపు మొదటిసారి ఎప్పుడు కనిపించింది?"

"పోయిన వారమేనండీ. అంతకు ముందు ఎప్పుడూ లేదు."

మేస్త్రి భార్య ఒళ్లో పెట్టుకున్న సంచి పిడిని బిగించి పట్టుకుంది. ఆవిడకు బట్టలుతికే పెరడు కళ్లముందు మెదిలింది. రంగు మరక చన్నీళ్లకు పోదు. వేడినీళ్లలో నానేసి, సబ్బుతో గంట తోమినా సగమే పోతుంది. ఆ సంగతి మేస్త్రి పెళ్లానికి ఎవరూ చెప్పక్కర్లేదు. చన్నీళ్లకే పోయే ఎర్రమరక ఏమిటో ఏ ఆడదానికీ ఎవరూ చెప్పక్కర్లేదు. పోయినేడు వానలప్పుడు ఆయన పైజామా మీద అలాంటి మరక ఒకటి బకెట్లో ముంచగానే కరిగిపోయింది. ఆవిడ చేతులు నీళ్లలో అలాగే ఆగిపోయాయి. తరవాత ఆ పైజామా పిండి, దండెం మీద ఆరేసి, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. అడక్కపోతే ఏమీ కాదులే అని పిచ్చి ధైర్యం. ఆ తరవాత నెలల పాటు మరక కనబడలేదు. దేవుడు గట్టెక్కించాడనుకుంది.

"కాదండీ," అంది ఆవిడ. "ఏడాది దాటింది."

మేస్త్రి గిర్రున తిరిగి చూశాడు. డాక్టరు కలం ఆపి, మీకెలా తెలుసు అని మెల్లగా అడిగింది.

"ఆయన బట్టలు నేనే ఉతుకుతానండీ. మరక చన్నీళ్లకే పోయింది."

డాక్టరు తల ఊపి రాసుకుంది. ఆవిడా ఆడదే, అర్థమైంది. మేస్త్రికి అర్థం కావడానికి ఇంకొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడవైపు వంగి అడిగాడు.

"తెలిసీ నాతో అనలేదా?"

"మీకు తెలిసీ నాతో అన్నారా?"

ఒకే కప్పు కింద, ఒకే పక్క మీద, ఇద్దరూ ఒకే సంగతిని చెరోవైపు తిరిగి ఏడాది పాటు దాచుకున్నారు. ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. మొగుడి మీద కోపం రాలేదు. తన చేతుల మీద వచ్చింది.

డాక్టరు ఇద్దర్నీ తప్పుపట్టలేదు. నొప్పి ఉండేదా అని అడిగింది. నొప్పి ఉంటే అప్పుడే వచ్చేవాణ్ణిగా అన్నాడు మేస్త్రి.

"అందరూ ఇదే అంటారు. రాయి నొప్పి వచ్చినవాణ్ణి ఆ నొప్పే నా దగ్గరికి తరుముకొస్తుంది. నొప్పి లేకుండా వచ్చే రక్తమే నాకు భయం మేస్త్రిగారూ. మధ్యలో ఆగిపోయిందా?"

"నెలల తరబడి లేదండీ. తగ్గిపోయిందనే అనుకున్నాను."

"ఆగిందంటే తగ్గిందని కాదు. అది అలాగే మోసం చేస్తుంది. ఒక్కసారి కనబడినా రావాలి, ఆగిపోయినా రావాలి."

తరవాత స్కాను బొమ్మ వెలుగుకు పెట్టి చూపించింది. మూత్రసంచి లోపలి గోడకు ఒకచోట చిన్న పెరుగుదల ఉంది. అదేమిటో బొమ్మ చూసి చెప్పలేం, లోపలికి చూడాలి అంది. సన్నటి గొట్టం, చివర దీపం, కెమెరా. ఎక్కణ్ణుంచి పంపిస్తారని అడిగాడు మేస్త్రి. మూత్రం వచ్చే దారినుంచే అంది డాక్టరు. మేస్త్రి పైకప్పు వైపు చూసి, అక్కడ ఫ్యాను తప్ప దిక్కులేకపోవడంతో మళ్లీ కిందికి చూశాడు. ముందు మొద్దుబార్చే జిగురు మందు వేస్తామనీ, చూడటానికి కొద్ది నిమిషాలే పడుతుందనీ, తరవాత ఒకటి రెండు రోజులు మంటా, కాస్త గులాబీ రంగూ ఉండొచ్చనీ, నీళ్లు బాగా తాగాలనీ, జ్వరం వచ్చినా రక్తపు గడ్డలు పడినా మూత్రం బిగిసినా వెంటనే పరుగెత్తుకు రావాలనీ డాక్టరు ఓపికగా చెప్పింది. తీసెయ్యాల్సిందేదైనా ఉంటే ఇంకో రోజు మత్తిచ్చి తీస్తారట. ఆ ముక్కను పరీక్షకు పంపుతారట.

"ముక్క చూశాకే దానికి పేరు పెడతాం. మీరు ముందే పేరు పెట్టుకుని ఏడవకండి," అంది భార్య వైపు తిరిగి. "ఇలాంటివి తొందరగా దొరికితే తీసేసి, మళ్లీ రాకుండా కాపు కాస్తాం. ఏడాది పోయింది. ఇంకో నెల పోనివ్వకండి."

అంతా అయిపోయిందనుకుని లేవబోతుంటే, మీ షెడ్డు ఎక్కడ అని అడిగింది డాక్టరు. కాలువ పక్కన, ఎత్తు పొగగొట్టం ఉన్నది అని మేస్త్రి చెప్పగానే ఆవిడ చేతిలో కలం ఆగింది.

"మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఇంకెవరికైనా ఇలా కనిపించిందా? రంగు పనికీ దీనికీ ఉన్న సంబంధం చిన్నది కాదు, సిగరెట్టూ తోడైతే మరీను."

"లేదండీ," అన్నాడు మేస్త్రి. చాలా తొందరగా అన్నాడు. అంటూనే కుడిచేతి బొటనవేలితో ఎడమచేతి గోళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నూలు మీద చాయ చెడిన రోజున యజమాని ముందు నిలబడి ఆయన చేసే పని అదేనని భార్యకు తెలుసు.

డాక్టరు కాసేపు కిటికీ వైపు చూసి, తనలో తను అనుకుంటున్నట్టు అంది. "కొందరు ఒకసారి వస్తారు. గొట్టం మాట వినగానే, మళ్లీ వస్తామని వెళ్లిపోతారు. తలుపు చప్పుడైతే వాళ్లేనేమో అని చూస్తుంటాను."

బయటికి వచ్చాక, గొట్టం పరీక్షకు రోజు రాసిస్తాం, పిలిచేదాకా ఉండండి అన్నారు. మేస్త్రి బెంచీ మీద కూలబడ్డాడు. ఆవిడ కూర్చోలేదు. ఎదురుగా నిలబడి, ఎవరు అని అడిగింది. ఏమిటి ఎవరు అన్నాడు. గోళ్లు రుద్దడం ఆపి చెప్పండి అంది. మేస్త్రి తన చేతులకేసి చూసుకున్నాడు. గోళ్ల మూలల్లో నీలం ఇంకా వదల్లేదు.

"మీ తమ్ముడు."

ఆ మాట బయటపడ్డాక తక్కినదంతా దానంతటదే వచ్చేసింది. రెండేళ్ల కిందట, ఎరుపు నడుస్తున్న వారంలో, బావమరిది ఆయన్ని పొడుల గదిలోకి పిలిచి, బావా ఇలా వస్తోంది, భయంగా ఉంది అని గుసగుసగా చెప్పాడట. మేస్త్రి పకపకా నవ్వాడట. నవ్వి అక్కడితో ఊరుకోలేదు. వాడి చెయ్యి పట్టుకుని షెడ్డు నడిమధ్యకు లాక్కొచ్చి, ఒరేయ్ వినండ్రా, వీడు దానిమ్మరసం పోస్తున్నాడట, గ్లాసులు తెచ్చుకోండి అన్నాడట. షెడ్డు షెడ్డంతా కడుపు పట్టుకుని నవ్వింది. వాడూ నవ్వాడు, బుగ్గలు కందిపోయేలా. ఆ రోజునుంచే ఆ పేరు.

మేస్త్రి భార్య గోడకు ఆనుకుంది. దానిమ్మా, భోంచేశావా. దానిమ్మా, ఈ సంచి అందుకో. దానిమ్మా, నా బంగారూ. ఈ రెండేళ్లలో ఎన్నిసార్లు పిలిచి ఉంటుందో. పిలిచినప్పుడల్లా వాడు పలికాడు. ఒక్కసారైనా, అక్కా అలా పిలవకు అని అనలేదు. తను వాడికి అక్క అయి ఏం లాభం అనుకుంది.

"నిజంగా రంగే అనుకున్నానే," అన్నాడు మేస్త్రి. "వాడప్పుడు ఎరుపు తొట్టి దగ్గరే ఉన్నాడు. తరవాత నాకే వచ్చింది. అప్పుడు వెళదామంటే, అంతమందిలో వాణ్ణి నవ్వులపాలు చేసినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వెళ్లను? నేను వెళితే షెడ్డుకు తెలుస్తుంది. షెడ్డుకు తెలిస్తే, వాడికి నేను చేసింది ఏమిటో నాకు తెలుస్తుంది."

జీవితంలో ఆయన ఆమెతో అంత పెద్ద నిజం ఎప్పుడూ చెప్పలేదు. ఇంకో రోజైతే ఆవిడ పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకునేదే. ఇవాళ కూర్చోవడానికి వ్యవధి లేదు. వాళ్లు పిలిచేదాకా మీరిక్కడే ఉండండి, నేను వాణ్ణి తీసుకొస్తాను, డాక్టరు గది ఇంకా తెరిచే ఉంది అని చెప్పి మెట్లు దిగింది.

తమ్ముడు మెట్ల పక్కనే ఆపిన వ్యాను అద్దం తుడుస్తున్నాడు. ఆ అద్దం అప్పటికే తళతళలాడుతోంది. అక్కను చూడగానే గుడ్డ భుజాన వేసుకుని, బావకు ఏమన్నారు అని అడిగాడు. స్కానులో చిన్నదేదో కనబడింది, గొట్టం వేసి చూడాలన్నారు అంది. వాడు అవునా అనలేదు, గొట్టమేమిటి అనీ అడగలేదు. అలాగే తల ఊపాడు.

"తమ్ముడూ," అంది ఆవిడ.

"ఏంటక్కా, కొత్తగా పిలుస్తున్నావు?"

ఆ మాటకు ఏడుపు ముంచుకొచ్చింది. మింగుకుని, నీకప్పుడు వచ్చేదట కదా, ఎరుపు, ఇప్పుడూ వస్తోందా అని అడిగింది. వాడి చెయ్యి అద్దం మీదికి మళ్లీ వెళ్లి, మధ్యలో ఆగింది.

"అదెప్పుడో ఆగిపోయిందక్కా. బావ చెప్పినట్టే, దానంతటదే ఆగిపోయింది."

ఆగిందంటే తగ్గిందని కాదు. పైన విన్న మాట ఆవిడ చెవుల్లో ఇంకా అలాగే ఉంది. వాడి మణికట్టు పట్టుకుని, పద పైకి అంది. వాడు కదల్లేదు. చిన్నప్పుడు సూదిమందుకు లాక్కెళ్తుంటే కాళ్లు నేలకు తన్నిపట్టి నిలబడినట్టే నిలబడ్డాడు. తల ఎత్తి పై అంతస్తు కిటికీ వైపు చూశాడు.

"ఏ మొహంతో రానక్కా? ఆ డాక్టరమ్మ నన్ను గుర్తుపడుతుంది."

డాక్టరు ఆడమనిషని ఆవిడ వాడికి చెప్పలేదు. పొద్దున బయల్దేరేటప్పుడు డాక్టరు దగ్గరికి అని మాత్రమే చెప్పింది. చేతిలో ఉన్న మణికట్టు ఒక్కసారిగా బరువెక్కింది.

"నువ్వు వచ్చావా ఇక్కడికి?"

"బావ అందరిలో నవ్విన నెలలోనే వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. స్కాను తీశారు. గోరంత ఉంది, గొట్టం వేసి చూద్దాం, అంతవరకే ఉంటే భయం లేదు అంది. రోజు కూడా రాసిచ్చింది. ఆ రోజు రాకముందే ఎరుపు ఆగిపోయిందక్కా. చూశావా, బావే కరెక్టు, అనవసరంగా కంగారుపడ్డాను అనుకున్నాను. రంగు సంగతి బావకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?"

రెండేళ్ల కిందట గోరంత. ఇప్పుడు ఎంత ఉందో ఆ పై గదిలో ఉన్న ఒక్క మనిషి తప్ప ఎవరూ చెప్పలేరు. ఆవిడ వాడి చెయ్యి వదల్లేదు. వాడూ విడిపించుకోలేదు. కాసేపటికి తనే ఒక అడుగు మెట్ల వైపు వేసి, మళ్లీ ఆగి, అక్క చెవి దగ్గరికి వంగాడు.

"సరే, వస్తాను. కానీ నేనిక్కడికి ముందే వచ్చినట్టు బావకు మాత్రం చెప్పకు. తన మాట నమ్మే ఆగిపోయానని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు."

ఆవిడ వెనక్కి తిరగలేదు. తిరిగి చూడాలంటే భయం వేసింది. పైనుంచి దిగివస్తున్న మేస్త్రి చెప్పుల చప్పుడు, ఆమె వెనక మెట్ల మలుపులో, కాసేపటి కిందటే ఆగిపోయింది.